ఆరు డిస్కుల పెట్టె

కార్డు ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ నాకు ఒకచోట కూర్చోబుద్ధి కాలేదు. హైదరాబాదులో ఎవరిదో ఆఫీసు మూసేస్తే, అక్కడి పెద్ద కంప్యూటర్లోంచి ఊడదీసి అమ్మారట. అరచేయంత పచ్చ బిళ్ళ. మీద నల్లటి చిప్పులు, ఒక అంచున వరసగా బంగారు రంగు గీతలు. జెస్సీ దాన్ని కొరియర్ అట్టపెట్టెలోంచి రెండు వేళ్ళతో అంచులు పట్టుకుని తీసింది.

"ఇదొక్కటి మాట వింటే చాలండీ అత్తయ్యా. ఆరు డిస్కులూ ఒక్క పెట్టెలో పనిచేస్తాయి."

"వినకపోతే?"

"వినేట్టు చేస్తాను."

జెస్సీ నా కోడలు. మా అబ్బాయి నెల్సన్ వీడియోలు తీసేవాడు. పెళ్ళిళ్ళు, బాప్తిస్మాలు, భూస్థాపనలు, ఏలూరు నుంచి కొల్లేటి లంకల దాకా ఎవరు పిలిచినా వెళ్ళేవాడు. మూడేళ్ళ కిందట కైకలూరు రోడ్డు మీద లారీ కింద పడి పోయాడు. వాడి టేపులు బూజు పట్టిపోతుంటే జెస్సీ ఒక్కొక్కటే తుడిచి కంప్యూటర్లోకి ఎక్కించింది. మొత్తం ఆరు డిస్కులయ్యాయి. ఆ కంప్యూటర్లో రెండు డిస్కులకే చోటుంది. మిగిలిన నాలుగూ బీరువాలో నా చీరల మధ్య ఉండేవి.

తాడేపల్లిగూడెంలో జగ్గారావుగారికి కేబుల్ ఛానెల్ ఉంది. ఆయన సోమవారం ఫోన్ చేశాడు. జెస్సీ వంటింట్లో చేపలు కడుగుతూ ఫోన్ స్పీకర్లో పెట్టింది. నేను కూడా విన్నాను.

"శుక్రవారానికి ఆ పెట్టె తెచ్చి నా కళ్ళ ముందు ఆరు డిస్కులూ తెరిచి చూపించమ్మా. శనివారం నుంచి ఛానెల్లో పాత టేపులు ఎక్కించే పనంతా నువ్వే చూసుకుందువుగాని. మేడ మీద గది ఖాళీగా ఉంది. చూపించలేకపోతే మాత్రం ఏమీ అనుకోవద్దు, భీమవరం ఆయనొకాయన అడుగుతున్నాడు."

"చూపిస్తానండీ" అంది జెస్సీ.

అంటే కార్డు పనిచేస్తే జెస్సీ వెళ్ళిపోతుంది. పనిచెయ్యకపోతే ఉంటుంది. ఆ తరవాత నాలుగు రోజులూ నేను ఏ పని చేస్తున్నా ఈ రెండు ముక్కలే బుర్రలో తిరిగాయి. అన్నంలో ఉప్పు రెండుసార్లు వేశాను.

నా చిన్నప్పుడు మా నాన్న కొల్లేట్లో దోనె వేసుకుని వెళ్ళి తిరిగి రాలేదు. మా ఆయన ప్రసాదరావు రైసుమిల్లులో ఫిట్టరు, ఒక పొద్దున టిఫిను డబ్బా పట్టుకుని వెళ్ళాడు, సాయంత్రం నలుగురు మోసుకొచ్చారు. ఆ తరవాత నెల్సన్. ఎవరైనా గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటుంటే ఇప్పటికీ చేతిలో పని వదిలేసి వచ్చి నిలబడతాను. పాలాయనకి కూడా జాగ్రత్త చెప్పి పంపిస్తాను, ఆయన నవ్వుతాడు.

నేను బడికి వెళ్ళలేదు. మిషను హాస్టల్లో వంట చేస్తూ పప్పు పొట్లాలు విప్పిన కాగితాలు చదివి అక్షరాలు నేర్చుకున్నాను. ఇంగ్లీషు నెల్సన్ ఒకటో తరగతి పుస్తకంతో మొదలుపెట్టాను. అందుకని జెస్సీ నెట్ సెంటర్లో ప్రింటు తీయించిన పదకొండు కాగితాలూ నా చేతికిచ్చింది. "మీరు చదువుతూ ఉండండి, నేను చేస్తాను" అంది. అమెరికావాళ్ళూ జర్మనీవాళ్ళూ ఇలాంటి కార్డులతోనే కుస్తీ పట్టి, ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలు అవి. సగం అర్థం కాలేదు. అర్థమైన సగంలో ఒకటి నన్ను పట్టుకుంది. కార్డు లోపలుండే పాత ప్రోగ్రాము చెరిపేశాక, కొత్తది ఎక్కించేదాకా కంప్యూటరు ఆపకూడదు. ఆగిపోతే కార్డు పని అయిపోయినట్టే.

మంగళవారం కార్డు లోపల పెట్టి స్విచ్చి నొక్కితే ఫాన్లు తిరిగాయి, తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. తీసేస్తే వెలిగింది. పెడితే నలుపు. జెస్సీ అలా ఎనిమిదిసార్లు చేసింది.

"ఏడో కాగితం చూడండత్తయ్యా. అదేదో గీతల సంగతి రాశాడు."

చదివాను. ఈ రకం కార్డుకి మామూలు కంప్యూటరుతో పడదట. ఒక వైపున అయిదో గీత, ఆరో గీత కప్పేస్తే పడుతుందట. జెస్సీ కరెంటు పని వాళ్ళ నల్ల టేపు కత్తిరించి అంటించింది. టేపు మందం. కార్డు సందులోకి దిగలేదు. బలంగా నొక్కితే టేపు లోపల చుట్టుకుపోయింది, పట్టకారుతో లాగేసరికి ఆమె నుదురంతా చెమట.

"ఇంకొకాయన నెయిల్ పాలిష్ వేశానని రాశాడండీ."

మా ఇంట్లో నెయిల్ పాలిష్ ఎక్కడిది? మా సంఘంలో ఆడవాళ్ళు గాజులు కూడా వేసుకోరు. జెస్సీ చేతులకి టేపు జిగురు, బయటికి వెళ్ళే తీరిక లేదు. నేనే వెళ్ళాను. పవర్‌పేటలో సూర్యకాంతం ఫాన్సీ షాపు ఉంది. పదేళ్ళుగా ఆ షాపు ముందునుంచే ప్రార్థనకి వెళ్తున్నాను, ఒక్కసారీ మెట్టెక్కలేదు.

"ఏవండీ మార్తమ్మగారూ, దారి తప్పారా?"

"నెయిల్ పాలిష్ కావాలమ్మా."

ఆవిడ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నన్ను పైనుంచి కిందదాకా చూసింది. "ఎవరికండీ?"

"కంప్యూటరుకి."

"ఆయ్. మా మరదలు కూడా మొదట్లో ఇలాగే చెప్పేది, బొమ్మలకి రంగు వెయ్యడానికని. రంగులేనిది ఉందండీ, వేసుకున్నా ఎవరికీ కనపడదు. పాస్టరుగారి కళ్ళలో కూడా పడదు."

"కనపడాలమ్మా. ఎక్కడ వేశామో తెలియొద్దూ? ఎర్రది ఇయ్యి. తొందరగా ఆరేది."

"ఈ వయసులో ఇంత తొందరేంటండీ!" అని ఆవిడ పగలబడి నవ్వింది. సీసా పొట్లం కట్టి, గుప్పిట మూసి ఇచ్చింది, ఎవరూ చూడకుండా. నేను నవ్వబోయి ఆగిపోయాను. ఈ సీసాతో కార్డు బాగుపడితే పిల్ల వెళ్ళిపోతుంది కదా అనుకుంటూ నడిచాను.

పుల్లకి దూది చుట్టి జెస్సీ రెండు గీతల మీదా ఎర్రగా పూసింది. గంట ఆరబెట్టాం. ఈసారి తెర వెలిగింది, కార్డు తన పేరు చెప్పుకుంది. జెస్సీ చప్పట్లు కొట్టింది. అయితే డిస్కులు తగిలించగానే, వాటిమీద ఉన్నదంతా తుడిచేసి అన్నిటినీ ఒకటిగా కట్టేస్తాను, ఒప్పుకుంటావా అని అడిగింది కార్డు. ఆఫీసుల్లో దాని పని అదేనట. జెస్సీ గబగబా డిస్కులన్నీ పీకేసి నా చీరల మధ్యకి పంపింది. ఏ డిస్కుకి ఆ డిస్కును విడిగా చూపించే ప్రోగ్రాము ఎక్కిస్తే తప్ప లాభం లేదంది.

ఎక్కించేముందు కార్డు వెనక స్టిక్కరు మీదున్న నంబరు రాసిపెట్టుకోమని కాగితాల్లో ఉంది, పాతది చెరిపితే అదీ పోతుంది కనక. పదహారు అంకెలూ అక్షరాలూ. జెస్సీ కార్డు పట్టుకుంటే నేను క్యాలెండరు కాగితం వెనక రాశాను. ఇంగ్లీషు అక్షరాలు కూడా తెలుగులోనే రాసుకుంటాను నేను: బీ, సీ, ఎఫ్. నా గొలుసుకట్టు రాత నాకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆ వేసవిలో కరెంటు పొద్దున పది నుంచి పన్నెండు దాకా, మళ్ళీ రెండు నుంచి నాలుగు దాకా తీసేవాళ్ళు. గురువారం పన్నెండున్నరకి మొదలుపెట్టాం. మా యూపీఎస్ పాతది, కరెంటు పోతే అయిదు నిమిషాలే నడుస్తుంది.

"చెరిపేస్తున్నానండీ."

"ఒకసారి మళ్ళీ చదవనా?"

"నాలుగుసార్లు చదివారు."

చెరిపేసింది. ఇక కొత్తది ఎక్కించాలి. జెస్సీ టైపు చేసింది. ఫైలు లేదంది తెర. మళ్ళీ చేసింది. లేదు. పెన్ డ్రైవులో ఫైలు ఉంది, పేరు సరిగ్గా ఉంది, అయినా లేదంటోంది. జెస్సీ గోరు కొరుక్కుంది. నేను గుమ్మం దాకా వెళ్ళి వచ్చాను, మళ్ళీ వెళ్ళాను.

"అత్తయ్యా, తిరగకండి, నాకు తల తిరుగుతోంది."

ఒంటిగంటా పది. పక్కింటి ఫాను చప్పుడు ఆగిపోయింది. మా యూపీఎస్ కీచుమంది. రెండింటికి పోవలసిన కరెంటు ఆ రోజు ముందే పోయింది.

జెస్సీ తెర వైపే చూస్తూ ఉంది. ఒక్కసారిగా, "పేరు పొడుగండీ!" అంది. ఆ పాతకాలపు నల్ల తెర ఎనిమిది అక్షరాలకి మించిన పేరు చదవలేదట. పేరు కురచ చేసి కొట్టింది. తెర మీద గీతలు కదిలాయి. యూపీఎస్ కీచుకీ కీచుకీ మధ్య ఎడం తగ్గుతోంది. ఎక్కింది అని చూపించింది.

"నంబరు చదవండి. తొందరగా."

చదివాను. అయిదు, సున్న, సున్న, ఆరు. ఒక్కొక్కటే ఆమె కొడుతోంది. పదమూడో అంకె రెండు. నా వేలు దాని మీదే ఉంది, కళ్ళద్దాలు ముక్కు మీదే ఉన్నాయి.

"ఎనిమిది" అన్నాను.

మిగిలిన మూడూ సరిగ్గానే చదివాను. జెస్సీ ఎంటర్ కొట్టింది.

"కాదు" అన్నాను అప్పుడు.

"ఏం కాదు?"

"ఎనిమిది కాదు. రెండు."

యూపీఎస్ పొడుగ్గా ఒక కూత పెట్టి ఆగిపోయింది. తెర ఆరిపోయింది. మిట్టమధ్యాహ్నం ఎండ కిటికీలోంచి కీబోర్డు మీద పడుతోంది.

"కళ్ళు కనపడలేదా అత్తయ్యా?"

ఆ పిల్ల నాకు దారి ఇచ్చింది. అవునంటే సరిపోయేది.

"కనపడ్డాయి."

జెస్సీ లేచి పెరట్లోకి వెళ్ళింది. ఆరిన బట్టలు తీసుకొచ్చి మంచం మీద పడేసి, మడత పెట్టడం మొదలుపెట్టింది. నా చీర మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెట్టింది.

"ఆయన టేపులు మూడేళ్ళు తుడిచానండీ. ఎవరికోసం అనుకున్నారు?"

"నువ్వెళ్ళిపోతావని అలా చదివాను."

"వెళ్తాను. ఏలూరులో నాకు పనెక్కడుంది? ఉండమని ఒక్కసారైనా నన్ను అడిగారా మీరు?"

"అడిగితే ఉంటావా?"

"ఉండనండి. అయినా అడుగుతారుగా మనుషులు."

కరెంటు నాలుగింటికి గాని రాలేదు. ఆ మూడు గంటలూ మేమిద్దరం ఆ చిన్న ఇంట్లో ఒకరికొకరం తగలకుండా తిరిగాం. ఆమె కాగితాలు తీసుకుని తనే చదువుకుంది, నన్ను అడగలేదు. కార్డు పోతే ఉంటుంది కదా అని మూడు రోజులు ఆశపడ్డదాన్ని, ఆ మూడు గంటలూ కార్డు పోకూడదని ప్రార్థన చేస్తూ కూర్చున్నాను. పోతే ఆ పిల్ల ఇంట్లో ఉంటుంది, నాతో మాత్రం ఉండదు.

నాలుగింటికి ఫాను తిరిగింది. జెస్సీ స్విచ్చి నొక్కింది. కార్డు కొత్త పేరు చెప్పుకుని ఊరుకుంది. తుడిచేస్తానని అడగలేదు. ఒక డిస్కు తగిలించింది. కనపడింది. రెండోది. నేను బీరువాలోంచి ఒక్కొక్కటే అందిస్తుంటే తీసుకుంది. ఆరూ వరసగా వచ్చాయి. ఏదో ఒకటి తెరిచింది. పెదపాడులో ఎవరిదో పెళ్ళి. "లైటు కొంచెం ఇటు పట్టండి బాబాయ్" అన్నాడు నెల్సన్, కెమెరా వెనకనుంచి. జెస్సీ ఆపేసింది.

"మరి నంబరు?" అన్నాను.

"కార్డుకి నంబరంటే ఇంటికి డోరు నంబరు లాంటిదటండి. అదే నంబరుతో పక్కన ఇంకోటి లేకపోతే చాలట. మీరు ఎనిమిదన్నా తొమ్మిదన్నా దానికి ఒకటే." నవ్వకుండానే చెప్పింది. "మీరు కాదు అన్నప్పుడు మాత్రం నా ప్రాణం పోయింది."

"సరిచేస్తావా?"

"మళ్ళీ మొదట్నుంచీ చెయ్యాలి. అలాగే ఉండనీయండి."

ఆ రాత్రి నాకు అన్నం వడ్డించి, తను పెరట్లో కూర్చుని తింది.

శుక్రవారం పొద్దున ఆటో పిలిచి, ఒక పెట్టె బట్టలు పెట్టుకుని, కంప్యూటరు దుప్పట్లో చుట్టింది. నేను చీర మార్చుకుని చెప్పులు వేసుకున్నాను.

"మీరెక్కడికి?"

"రైల్లో కుదుపులకి డిస్కులు పాడవుతాయని మూడో కాగితంలో ఉంది. ఒళ్ళో పెట్టుకుంటాను."

వద్దనలేదు. పాసింజరులో తాడేపల్లిగూడెం దాకా దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. దెందులూరు, భీమడోలు, పూళ్ళ. తొడలు తిమ్మిరెక్కాయి. "ఇటివ్వండి కాసేపు" అని జెస్సీ రెండుసార్లు అడిగింది, ఇవ్వలేదు.

జగ్గారావుగారు కుర్చీ లాక్కుని కూర్చుని డిస్కులు లెక్కపెట్టాడు. "ఎవరి దగ్గర నేర్చుకున్నావమ్మా?" అన్నాడు. "కాగితాలు చూసి" అంది జెస్సీ. మేడ మీద గది చూశాం. ఒక కిటికీ, ఒక మంచం, బయట రైసుమిల్లు పొగగొట్టం. మంచం ఒకరికే.

సాయంత్రం స్టేషనుకి నాతో వచ్చింది. ఏలూరు పాసింజరు ఆగింది. కిటికీ పక్కన కూర్చున్నాను. ఆమె బయట నిలబడి చువ్వ పట్టుకుంది.

"జెస్సీ, ఒకటడుగుతాను. నేను కూడా ఇక్కడికొచ్చేస్తే నీకు అడ్డమా?"

జెస్సీ ప్లాట్‌ఫారం చివరిదాకా చూసి, మళ్ళీ నా వైపు చూసింది.

"ముందు ఒక నెల నన్ను ఒక్కదాన్నీ ఉండనివ్వండి అత్తయ్యా. ఆ తరవాత చెప్తాను. నిజమే చెప్తాను."

"సరే."

రైలు కదిలింది. ఇన్నాళ్ళూ నిలబడి చూసే వైపే ఉన్నాను నేను. కదిలే వైపు కూర్చుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, ఒళ్ళో ఏమీ లేదు. జెస్సీ నాలుగడుగులు పక్కనే నడిచి ఆగింది. నేను కిటికీకి మొహం ఆనించి, ఆమె కనపడినంతసేపూ చూసి, ఆ తరవాత కూడా అటే చూస్తూ కూర్చున్నాను.