సాక్షి ఎవరన్నా ఉన్నరా

వికారాబాద్‌లో ఆడవాళ్లకు కుట్టుపని నేర్పే కేంద్రం పెడుతున్నారనీ, దానికి టీచరు కావాలనీ తెలిసినప్పుడు జులేఖా కంటే ఆమె అత్త మహబూబ్‌బీయే ఎక్కువ సంబరపడింది. తాండూరులో పప్పు మిల్లు సేఠ్ దగ్గర కందిపప్పు ఏరీ ఏరీ ఆమె కళ్లు మసకబారాయి. జులేఖా ఇంట్లో కూర్చుని రవికలూ కుర్తాలూ కుడుతుంది. ఎనిమిదేళ్ల పిల్లతో కలిపి మూడు కడుపులు నిండటం కష్టంగానే ఉంది.

జులేఖా భర్త జమాల్, నిజాం రాజ్యంలోకి సైన్యం దిగిన పోలీస్ యాక్షన్ నాటి గడబిడల్లో, అమ్మడానికి ఎడ్లబండి మీద నాపరాతి బండలు వేసుకుని చించోళి వైపు పోయాడు. మళ్లీ రాలేదు. అప్పటికి పిల్ల ఇంకా పాకుతోంది. ఏడేళ్లయినా చచ్చాడని చెప్పినవాళ్లు లేరు, చూశామన్నవాళ్లూ లేరు. ఎవరైనా నోరుజారి “ఇంకేం వస్తడు” అంటే మహబూబ్‌బీ వాళ్ల గడప మళ్లీ తొక్కేది కాదు. కోడలి మెడలో నల్లపూసల లచ్ఛా తెగితే తనే కూర్చుని గుచ్చేది. ప్రతి రంజానుకూ కొత్త గాజులు వేయించేది.

ఇంటర్వ్యూ కార్డు వచ్చాక జులేఖా కూతురి కొలతతో ఒక గౌను కుట్టింది. గుండ్రటి కాలరు, నడుము దగ్గర సన్నటి కుచ్చులు. పిల్లను పొరుగింట్లో వదిలి, గౌనును పాత దుపట్టాలో చుట్టుకుని, అత్తతో కలిసి పొద్దుటి బండి ఎక్కింది.

కేంద్రం కోసం అద్దెకు తీసుకున్న ఇంటి వరండాలో అప్పటికే ఒకామె కూర్చుని ఉంది. కొడంగల్ దగ్గరి పల్లె నుంచి వచ్చిందట, పేరు నాగమ్మ.

“కుట్టు మంచిగ వస్తదా అక్కా నీకు?” అని అడిగింది.

“వస్తది. నీకు?”

“నాకు బొంతలే వస్తయి. రాకున్నా ఫికర్ లేదంట, వాళ్లే నేర్పిస్తరంట. మొగడు సచ్చినోళ్లకే గదా గీ కొలువు. బతికినన్నాళ్లు కల్లు దుకాణంలనే కూసుండె. సచ్చినంకనన్న అక్కరకొస్తున్నడు.” నాగమ్మ నవ్వింది గానీ, నవ్వు సగంలోనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

జులేఖా అత్త వైపు చూసింది. ఆ షరతు సంగతి వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

లోపల బల్ల వెనక ముగ్గురున్నారు. కమిటీ పెద్ద శంకరప్ప ఊళ్లో బట్టల వ్యాపారి. హైదరాబాద్ నుంచి వచ్చిన అధికారి కౌసల్యమ్మ. కాగితాలు చూసే గుమాస్తా విశ్వేశ్వర్. జులేఖా బురఖా ముసుగు పైకి తీసి, గౌను బల్ల మీద పెట్టి నిలబడింది.

“భర్త ఏడేండ్లసంది పత్తా లేడు అని రాసిండ్రు,” అన్నాడు విశ్వేశ్వర్. “అంటే బతికున్నట్టా, పోయినట్టా?”

“తెల్వదు సాబ్.”

“గాజులు చూస్తే నిన్నమొన్న నిఖా అయినట్టున్నది,” అన్నాడు శంకరప్ప. “మెడల లచ్ఛా గూడ ఉన్నది. మేము సర్కారుకు ఏమని రాయాలె?”

“గౌను చూడుండ్రి సాబ్. గుండీలకు కాజాలు చేత్తోనే…”

“గౌను తర్వాత చూద్దాం,” అంది కౌసల్యమ్మ మెల్లగా. “చూడమ్మా, ఈ ఉద్యోగం భర్త పోయిన ఆడవాళ్ల కోసం వచ్చింది. పోయాడని నువ్వు చెబితే రాసుకుంటాం. లేదంటే తర్వాతి ఆమెను పిలవాలి.”

జులేఖాకు పొద్దున పిల్ల ఎండు రొట్టె నీళ్లలో ముంచుకుని తినడం గుర్తొచ్చింది. ఒక్క మాట చాలు. నోరు తెరిచింది. వేళ్లు మెడలో లచ్ఛా మీద పడ్డాయి, నోరు మూసుకుంది.

“ఊకె చెప్పినా సాలదు మేడం,” అన్నాడు శంకరప్ప. “సాక్షి ఎవరన్నా ఉన్నరా? లేకుంటే రేపు నేను దుకాణంల ఉన్నప్పుడు మా ఇంటామె గూడ వచ్చి మొగడు లేడంటది.”

విశ్వేశ్వర్ తల వంచుకుని నవ్వాడు.

“నేనున్న.” మహబూబ్‌బీ చెప్పులు వాకిట్లో విడిచి లోపలికి వచ్చింది. “నేను వాని తల్లిని. నా కొడుకు సచ్చిపోయిండు. రాసుకోండ్రి.”

జులేఖా ఆమె చెయ్యి పట్టుకోబోయింది. తన కొలువు కోసం ఈ ముసలామె ఎంత మాట అనేసిందో అనుకుంది.

“ఎట్ల సచ్చిండు? ఎవరు చూసిండ్రు?” అన్నాడు శంకరప్ప.

“వెంట పోయిన ఖుద్దూస్ చూసిండు. వాడు జొన్నచేన్ల దాసుకున్నడు. చించోళి తొవ్వల దిగుడు బావి ఉన్నది. బండి ఆపి, ఆ బావి మెట్ల మీద కొట్టిండ్రు.” మహబూబ్‌బీ గోడ వైపు చూస్తూ చెబుతోంది. “పైసలున్నయేమోనని ఒళ్లంత వెతికిండ్రట. అంగీకి ఎడమ దిక్కు లోపట దొంగజేబు ఉండె. అది గూడ చింపి చూసిండ్రట.”

ఆ జేబు జులేఖా కుట్టింది. బయలుదేరే ముందు రోజు, జమాల్ అడిగితే, దీపం దగ్గర కూర్చుని కుట్టింది. ఆ సంగతి వాళ్లిద్దరికి తప్ప ఎవరికీ తెలియదు.

అత్త చెయ్యి పట్టుకోబోయిన చెయ్యి కిందికి జారింది.

విశ్వేశ్వర్ రాసుకున్నాడు. మహబూబ్‌బీ వేలిముద్ర వేసింది. కౌసల్యమ్మ ఆ కాగితం కింద సంతకం పెట్టింది. తర్వాత “సోమవారం నుంచి రామ్మా,” అంది.

“గాజులు తీసేసి రావాలె మరి,” అన్నాడు శంకరప్ప. “చూసినోళ్లు మమ్ముల అడుగుతరు.”

గౌను మడత ఎవరూ విప్పలేదు. జులేఖా దాన్ని మళ్లీ దుపట్టాలో చుట్టుకుంది.

స్టేషన్‌లో బెంచీ మీద ఇద్దరూ ఎడంగా కూర్చున్నారు.

“నీకు మొదటి సంది ఎరుకేనా అమ్మీ?” అంది జులేఖా.

“వారానికే ఎరుకైంది. ఖుద్దూస్ మిల్లు కాడికొచ్చి చెప్పి, అటే షోలాపూర్ పోయిండు.”

“మరి నాకెందుకు చెప్పలె?”

మహబూబ్‌బీ పట్టాల వైపు చూసింది. “మీ అన్నలు బంట్వారం నుంచి రెండుసార్లొచ్చి పోయిండ్రు, యాదికున్నదా? తెలిస్తే నిన్నూ పిల్లనూ తోలుకపోతుండె. నీకు ఇరవై ఏండ్లు గూడ లేవు. మల్ల ఎవరికన్న ఇస్తుండె. నాకు వాడొక్కడే కొడుకు. ఖాళీ ఇంట్ల నేనేం జెయ్యాలె బిడ్డ?”

బండి రాగానే జులేఖా లేచి, అత్త కోసం ఆగకుండా ఎక్కింది.

ఇల్లు చేరగానే గాజులు గడప రాయికి కొట్టుకుని పగలగొట్టింది. లచ్ఛా తెంపింది. పిల్ల బిక్కమొహం వేసుకుని పూసలు ఏరబోతే వద్దంది. లోపలి గదిలోకి పోయి చాప పరుచుకుంది.

మహబూబ్‌బీకి అర్థమైంది. భర్త పోయిన ఆడది నాలుగు నెలల పది దినాలు గడప దాటకుండా ఇద్దత్ కూర్చోవాలి. ఆమె గది వాకిట్లో నిలబడింది.

“ఇద్దత్ మనిషి పోయిన దినం సంది లెక్క. పేరు చెప్పకుండ ఖాజీసాబ్‌ను నేను అప్పుడే అడిగిన. నీది ఎప్పుడో నిండింది. సోమవారం పోవచ్చు.”

“నాకు ఇయ్యాల సచ్చిండు అమ్మీ.”

“కొలువు పోతది బిడ్డ. గా కొలువు కోసమే నోరు తెరిచిన నేను.”

“పోనీ.”

సోమవారం పొద్దుటి బండి కూత వినబడింది. జులేఖా లేవలేదు. కొన్నాళ్లకు వికారాబాద్ నుంచి వచ్చిన ఎవరో, కుట్టు కేంద్రంలో నాగమ్మను పెట్టుకున్నారని చెప్పారు. కబురు తెలిసి బంట్వారం నుంచి పెద్దన్న వచ్చి వాకిట్లో కూర్చుని పోయాడు. ఇద్దత్ అయిపోగానే బండి కట్టుకుని వస్తానన్నాడు. జులేఖా అవునని గానీ కాదని గానీ అనలేదు. ఆ గడువు తీరేదాకా ఆమె ఉండాల్సింది భర్త ఇంట్లోనే, ఈ అత్త దగ్గరే.

కుట్టు ఆగిపోయింది కాబట్టి మహబూబ్‌బీ మిల్లులో పొద్దూ మాపూ పప్పు ఏరసాగింది. వచ్చి అన్నం వండి, గిన్నె కోడలి ముందు పెట్టేది. ఇద్దరి మధ్య పిల్ల మాటలు తప్ప మాటలు లేవు.

ఒక సాయంత్రం గిన్నె పెట్టి వెనుదిరుగుతుంటే జులేఖా అడిగింది.

“ఖుద్దూస్ చేన్లకెళ్లి బయటికొచ్చేసరికి పానం ఉండెనా?”

మహబూబ్‌బీ అక్కడే గోడకు చేరగిలబడింది. “ఉండెనట.”

“ఏమన్న అన్నడా?”

“నీళ్లు అడిగిండట.”

“బావి మెట్ల మీదనే ఉండె గదా. తాపిండా?”

పొరుగింట్లో ఎవరో పిల్లను పిలుస్తున్నారు. మహబూబ్‌బీ పప్పు దుమ్ముతో తెల్లబడిన చేతులు ఒళ్లో పెట్టుకుని చూసుకుంది.

“అడగలె బిడ్డ,” అంది. “అడగబుద్ధి గాలె నాకు.”

జులేఖా చాప మీద కొంచెం పక్కకు జరిగింది. మహబూబ్‌బీ వచ్చి కూర్చోలేదు. గోడ దగ్గరే ఉండిపోయింది. గిన్నెలో అన్నం చల్లారిపోయింది.