నేల తాకిన పాదం

మా రాజు నానా ద్వామెన ఆ ఉదయం సభ పెట్టించింది తన పెద్దమ్మను పీట మీంచి దింపడానికి. ఒకప్పుడు ఆయన్ని ఎంచి, పెద్దలకు పేరు చెప్పి, రాజపీట మీద కూర్చోబెట్టింది ఆవిడే. మా ఊరి రాణీతల్లి, నానా అఫ్రాకోమ.

ఆవిడ చేసిన నేరం, సంతలో అందరూ వింటుండగా ఆయన్ని "బుద్ధిలేనివాడా" అనడం. మా అసుబిమ ఏటిని ఆయన బంగారం తవ్వేవాళ్ల చేతిలో పెట్టాడు. ఇప్పుడందులో పారేది బురద. అది తగిలిన పిల్లల కాళ్లకు పుండ్లు. నా భార్య సెర్వా పోయేముందు ఆ ఏటి నీళ్లే అడిగింది. నీళ్ల ప్యాకెట్ కొరికి నోట్లో పోశాను. ఆమె పోయాక రాణీతల్లి రోజూ నాకు పులుసు పంపేది, గిన్నె మీద అరిటాకు కప్పి. తిన్నావా అని ఒక్కనాడూ అడగలేదు. మర్నాడు మళ్లీ గిన్నె వచ్చేది.

మాలో రాజును నలుగురిలో తిట్టే హక్కు ఒక్క రాణీతల్లికే ఉంది. ఆ హక్కునే ఆయన నేరం చేశాడు. తలూపడానికి పెద్దలు సిద్ధంగా కూర్చున్నారు. సగం మంది ఇళ్లకు తవ్వేవాళ్లిచ్చిన కొత్త రేకులు మెరుస్తున్నాయి.

నేను రాజుగారి ఒచ్యామెని. ఆయన మాట నేరుగా ఎవరికీ చేరకూడదు. నేను అందుకుని, మెత్తన చేసి, అవతలివాళ్లకు అప్పజెప్పాలి. అందుకే నా చేతిలో బంగారు రేకు తాపిన కర్ర.

"ఒచ్యామే, ఆ ముసలిదానితో చెప్పు," అన్నాడు నానా ద్వామెన. "ఏరు దాని బాబు సొత్తు కాదని చెప్పు. పీట వదిలేసి ఇంట్లో కూర్చుని ఫుఫు ముద్ద దంచుకోమను."

మామూలుగా అయితే, 'తల్లి విశ్రాంతి తీసుకోవాలని నానా కోరుతున్నారు' అనేవాణ్ణి. నా నోరు తెరుచుకోలేదు.

"ఏం, నోరు పడిపోయిందా?"

"పడిపోలేదు నానా. ఈ మాట నేను మోయను."

కర్ర కింద పెట్టేశాను.

వెనక నుంచి ఎండుచేపలమ్మే యా కొబి అరిచింది. "మోయకు ఒచ్యామే! ఇన్నాళ్లూ మోసి మోసి నీ నడుం విరిగింది!"

నవ్వులు లేచాయి. రాజు మొహం కందిపోయింది. "పెళ్లాంతో పాటు నీ మతీ పోయిందిరా!"

"ఆమె మన ఏటి నీళ్లడిగి పోయింది నానా."

"ఒరే అబ్బాయ్," అంది రాణీతల్లి. "అతన్నెందుకంటావు? నేనిక్కడే ఉన్నాగా, ఆ మాటేదో నాతోనే అను. పీటెక్కిన రోజు కత్తి పట్టుకుని ఏమని ఒట్టేశావు? పెద్దల మాట వింటానన్నావు. ఎవరి మాట విని ఏరిచ్చావురా? బుద్ధిలేనివాడా!"

నానా ద్వామెన ఒంగాడు. కాలిజోడు ఒకటి ఊడబీకి ఆవిడ మీదికి విసిరాడు. అది ఆవిడ భుజానికి తగిలి ఒళ్లో పడింది.

అప్పటిదాకా రాజు తల మీద గుండ్రంగా తిరుగుతున్న గొడుగు ఆగిపోయింది. ఎవరూ ఆవిణ్ణి చూడలేదు. అందరూ ఆయన కాలిని చూశారు. ఎర్రమట్టి మీద ఉత్త పాదం. రాజు పాదం మా దగ్గర మన్ను తాకదు. పీట దింపేటప్పుడు మేం ముందుగా తీసేది కాలిజోళ్లే.

ఆయనా కిందికి చూశాడు. "గొర్రెను... గొర్రెను తెండి! కోసి శాంతి చేద్దాం."

ఎవరూ లేవలేదు. రాజు తర్వాతి పెద్ద ఒపానిన్ అన్సా. అందరికంటే ముందు కొత్త రేకులు పడింది ఆయనింటికే. మోకాళ్లు పట్టుకుని ఆయన లేచాడు.

"నా ఇంటి కప్పు మీ దయ నానా. దాని కింద కూర్చుని తాగడానికే నీళ్లు లేవు." రాజు కాళ్ల దగ్గర మోకరిల్లాడు. "ఒకటి మీరే తీసుకున్నారు. రెండోది తీయడం నా పని."

తీశాడు. తలూపడానికి వచ్చిన పెద్దలే లేచి వచ్చి చేతులు వేశారు. ఆయన్ని ఎత్తి మూడుసార్లు పీట మీద కుదేశారు. ఏటి మాట, ఒట్టు మాట, తల్లి మీద చెయ్యెత్తిన మాట, ఒక్కోసారికి ఒక్కోటి గట్టిగా చెప్పారు. దాంతో ఆయన రాజు కాడు.

నా కోపం చల్లారలేదు. ఒక మనిషిని కుదేస్తే బురద తేరుకుంటుందా? సెర్వా గొంతు తడుస్తుందా?

ఎండకి నేల కాలుతోంది. ద్వామెన ఒక్కో అడుగూ ఎత్తెత్తి వేస్తుంటే ఆడవాళ్లు ఎగతాళిగా కేకలు పెట్టారు. రాణీతల్లి చెయ్యెత్తింది.

"యా కొబీ, నీ రబ్బరు చెప్పులు వాడికియ్యి."

"వీడికా! నా చెప్పులా!"

"ఇయ్యి. కాళ్లు కాలుతున్నాయి."

యా కొబి వాటిని కాలితో అతని ముందుకు తోసింది. "రేపు కడిగి తెచ్చియ్యి. మంచినీళ్లతో!"

చాలని చెప్పుల్లో మడమలు బయటికొచ్చి, తలెత్తకుండా వెళ్లిపోయాడు. నేనైతే ఇప్పించేవాణ్ణి కాదు.

రాణీతల్లి నా కర్ర వైపు చూసింది. "తీసుకో ఒచ్యామే. కొత్త రాజు వచ్చేదాకా నా మాటే నీ మాట. ఏటి దగ్గరికి పద, ఆ యంత్రాలవాళ్లతో మాట్లాడాలి."

కర్ర అందుకుని మట్టి తుడిచాను.

"ఒక్కటి," అంది నడుస్తూ. "ఇవాళ నా మాటల్ని మెత్తన చేశావో, పులుసు పంపను."