మడ అడవిలో మూడు గడులు

అలల నడుమ దిక్కు తప్పిన పడవకు చుక్కవై తోచే తల్లీ, మరియా, ముందుగా నీ పాదాలకు మొక్కుతున్నాను. నీటిలో మునిగిపోతున్న శిష్యుని చేయి అందుకొన్న నీ కుమారుని కృప నా నాలుకపై నిలుచుగాక. నేను చెప్పబోయేది ఒక భయం కథ. భయపడినవారిని చిన్నచూపు చూడకుండా నా మాటను కాపాడు.

మా పనాయ్ ద్వీపంలో ఉన్నత పాఠశాలల సైన్సు ఉపాధ్యాయులు వేసవి రాగానే విద్యార్థులవుతారు. ఏప్రిల్, మే నెలల్లో విశ్వవిద్యాలయంలో కూర్చుని, నాలుగైదు వేసవులు చదివి, జీవశాస్త్ర బోధనలో ఎమ్మే పట్టా పొందుతారు. ముప్పై ఏళ్ల క్రితం ఎవుఫ్రోనియా సుమగాయ్‌సాయ్ అలా చేరినప్పుడు ఆమెకు నలభై నాలుగేళ్లు. పందొమ్మిదేళ్లుగా జీవశాస్త్రం బోధిస్తున్నది. కప్ప గుండెలోని గదులను చూడకుండా నల్లబల్లపై గీయగలదు. కాని బురదలో కాలు పెట్టి ఎరుగదు. చిన్ననాడు ఆమె అన్న ఏటి పోటులో కొట్టుకుపోయాడు. ఆనాటినుండి మోకాలు దాటిన నీరు కంటబడితే చాలు, ఆమెకు ఊపిరి ఆడదు.

ఆ వేసవి ఆమెకు మడ అడవి పని పడింది. గట్టునుండి సముద్రం దాకా మూడువందల మీటర్ల తాడు కట్టాలి. పది మీటర్లకొక చదరపు గడి గుర్తించాలి. గడిలోని చెట్లను లెక్కించి, వేళ్లను అంటుకొని బతికే తెల్లని పెంకుప్రాణుల గీత బురదనుండి ఎంత ఎత్తున ఉన్నదో కొలిచి పుస్తకంలో రాయాలి. పోటు నీరు ఎంతవరకు ఎక్కుతుందో ఆ గీతే చెబుతుంది. సముద్రం వైపు అది మనిషి ఛాతీని తాకుతుంది, గట్టు దగ్గర చీలమండకు దిగుతుంది. ఆమెకు జత మరొక బడిలో సైన్సు చెప్పే డెల్ఫిన్ కటాల్బాస్, ఇరవై ఆరేళ్లవాడు.

వారికి దారి చూపింది మండపీతలు పట్టే ముసలమ్మ, నానాయ్ తిబాంగ్. ఆమె రెండే మాటలు చెప్పింది. అడవిలో అడుగు పెట్టేముందు కంటికి కనబడని వారిని దారి అడగాలి. ఇద్దరి కాళ్లూ గట్టెక్కేదాకా గట్టుమీది తాడు ముడి విప్పకూడదు. ఎవుఫ్రోనియా తల వంచి పెదవులతోనే "తబి, తబి", కాస్త దారి ఇవ్వండి, అనుకొన్నది. అది డెల్ఫిన్ కంటబడనే బడింది.

"వాళ్లక్కూడా హాజరు వేస్తారా మేడమ్?" అన్నాడు. "పేర్లు చెప్పండి, పట్టీలో ఎక్కిస్తా."

పని ఆరు రోజులు సాగింది. అయిదవనాడు పదహారు, పదిహేడు, పద్దెనిమిది గడులు ఆమె వంతుకు వచ్చాయి. అక్కడ బురదలో కాలు తొడదాకా దిగుతుంది. ఆమె ఉప్పుపొన్న వేరుమీద నిలబడి చాలాసేపు ఆ బురదను చూసింది. డెల్ఫిన్ దూరాన ఉన్నాడు. పదిహేనవ గడిలో తాను కొలిచిన తొడ ఎత్తునే మూడు గడులకూ రాసి, చెట్ల సంఖ్యను అటూ ఇటూ మార్చి, పుస్తకం మూసింది. ఆ రాత్రి జపమాల చెప్పుకొంటూ అయిదవ పూసనుండి మళ్లీ మొదటికి వచ్చిందట, లెక్క కుదరక.

చివరినాడు మిగిలింది తాడు చుట్టడమే. పదకొండు గంటలకు పోటు మొదలవుతుంది. డెల్ఫిన్ సముద్రపు కొసన ముడి విప్పడానికి వెళ్లాడు. ఆమె గట్టుపైన నిలిచి ఉన్నది. మబ్బు కమ్మి, వాన చినుకులు ఆకులమీద పడసాగాయి. బడిలో ఆటల పోటీలు ముగిశాక మైదానంలో తాడు చుట్టే పద్ధతి మా ఉపాధ్యాయులందరికీ ఒకటే: ఇద్దరు రెండు కొసలనుండి చుట్టుకుంటూ వచ్చి నడుమ కలుస్తారు. పని సగం కాలంలో తీరుతుంది. ఏళ్ల తరబడి చేసిన చేతులు ఆలోచించవు. ఎవుఫ్రోనియా గట్టుమీది ముడి విప్పింది. చుట్టుకుంటూ అడవిలోకి నడిచింది.

నడుమ ఇద్దరూ కలిశారు. ఎవరి భుజాన వారి చుట్ట ఉన్నది. డెల్ఫిన్ ఆమె వెనక్కి చూశాడు, తన వెనక్కి చూశాడు. అతని ముఖంలో నవ్వు ఆరిపోయింది.

"మేడమ్, మీ వైపు ముడి ఎందుకు విప్పారు?"

నాలుగు దిక్కులా ఒకే చెట్టు నిలబడినట్లు ఉన్నది. ఒకే వేళ్లు, ఒకే ఆకులు, ఒకే నలుపు. అడుగుజాడలమీద అప్పటికే నీరు పరుచుకొన్నది. కేకలు వేశారు. వాన హోరు ఆ కేకలను మింగింది. పోటు గట్టువైపే పారుతుందని తలచి డెల్ఫిన్ నీటి వెంట నడిచాడు, ఆమె అతని చొక్కా పట్టుకొని నడిచింది. ముప్పై అడుగుల్లో ఒక పాయ అడ్డు వచ్చింది. అందులో నీరు ఎదురుగా వస్తున్నది. తిరిగి వచ్చేసరికి మోకాళ్లు మునిగాయి. ఆమె చెవుల్లో అన్న గొంతు వినబడుతున్నది, లేదా తన గొంతే. తెలియలేదు.

డెల్ఫిన్ పుస్తకం తీసుకొని పుటలు తిప్పాడు. పక్కనున్న వేరు తడిమాడు. పెంకుల గీత ఛాతీ ఎత్తున ఉన్నది.

"పుస్తకంలో ఛాతీ ఎత్తు ఇరవై ఆరో గడి దాటాకే ఉంది," అన్నాడు. "నడుమంతా తొడ ఎత్తే. అంటే తిరిగీ తిరిగీ మనం సముద్రం అంచుకొచ్చేశాం. ఆ పాయ దాటి ఎదురుగా పోవాలి, గట్టు అటే. పదండి."

అతడు ఒక అడుగు వేశాడు. పాయలో దిగితే ఈత రానివారికి తిరిగి రావడం లేదు. ఎవుఫ్రోనియాకు నీటి భయం ఒకవైపు, ఈ పడుచువాడి ముందు, పని అప్పగించిన ఆచార్యుని ముందు, తన బడి పిల్లల ముందు తలెత్తుకోలేని భయం మరొకవైపు. ఆమె చెప్పకుండా ఉండిపోయింది ఒక్క ఊపిరి సేపే. ఆ ఊపిరిని ఆమె తరువాత ఏనాడూ క్షమించుకోలేదు.

"అటు పోకు. ఆ నడుమ మూడు గడులూ నేను చూడలేదు. భయపడి, ఊరికే రాశాను. మనం నిలబడింది అక్కడే అయ్యుంటుంది."

డెల్ఫిన్ ఆమెను తిట్టలేదు. తిట్టి ఉంటే ఆమెకు తేలికగా ఉండేది. మేడమ్ అనడం మాని, ఇంట్లో అక్కను పిలిచినట్టు, "మరి ఏం చేద్దాం మనాంగ్?" అన్నాడు.

"ఇప్పుడు కొలుద్దాం. గీత ఎటు దిగితే అటు," అన్నది ఎవుఫ్రోనియా.

ముందునాడు తప్పించుకొన్న బురదలోకి ఆమె దిగింది. నడుముదాకా నీరు, కింద పట్టు దొరకని నేల. ఒక చేత్తో వేరు పట్టుకొని, రెండవ చేత్తో పెంకుల గీత తడిమింది. ఛాతీ. ఎడమవైపు చెట్టుకు వెళ్లింది. ఇంకా పైకి. మళ్లీ వెనక్కి. కుడివైపు చెట్టున గీత నాలుగు వేళ్లు కిందికి జరిగింది. పెంకులు అరచేతిని కోశాయి. "నాలుగు వేళ్లు దిగింది," అని పైకి అన్నది, బడిలో చెప్పినట్టు. తరువాతి చెట్టు. "జానెడు దిగింది." ఒకచోట డెల్ఫిన్ కాలు బురదలో ఇరుక్కుంటే తాడు చుట్టలో ఒకటి విప్పి అతని చంకల కింద వేసి లాగింది. నీరు నడుము దాటి రొమ్ములకు వచ్చింది. గీత కోసం ఇప్పుడు నీటి అడుగున వేళ్లతో వెతకవలసి వచ్చింది. కళ్లు మూసుకొనే వెతికింది. దారి పొడుగునా, కనబడని వారిని గొంతెత్తి బతిమాలింది. డెల్ఫిన్ కూడా గొంతు కలిపాడు.

తొడ. మోకాలు. నీరు పలచబడింది. ఆపైన గట్టు వారన పెరిగే నీపా తాటి మట్టలు కనబడ్డాయి.

గట్టుమీద తిబాంగ్ ముసలమ్మ వానలో తడుస్తూ, ముడి లేని చెట్టు పక్కన నిలబడి ఉన్నది.

"ఈ ఒట్టి చెట్టు చూసి, నీ పేరున కొవ్వొత్తి కొనాలా అనుకున్నా, ఇందాయ్," అన్నది కూతురిని పిలిచినట్టు.

మరునాడు ఎవుఫ్రోనియా చేతికి గుడ్డ కట్టుకొని వెళ్లి, ఆచార్యునికి ఆ మూడు పుటలు తానే చూపింది. ఆయన ఎర్రసిరాతో అడ్డంగా గీత గీసి, ఆ వేసవి మార్కు ఆపివేశాడు. పట్టా ఒక ఏడాది వెనక్కి పోయింది. మరుసటి ఏప్రిల్‌లో ఆమె మళ్లీ ఆ గడులకు వెళ్లింది. గట్టున రెండు ముడులు వేసింది. భయం పోయిందని ఎవరైనా అంటే నమ్మకండి. అప్పుడు కొలిచి రాసిన కొత్త పుటలు నేను చూశాను. ఛాతీ, ఛాతీ, రొమ్ముపైన అని ఉన్నది. అక్షరాలు ఒక్కటీ తిన్నగా లేవు.

ఈ కథ విన్న మీ అందరి పాదాల కింద నేల గట్టిపడుగాక. మీరు చూడనిది చూశామని రాసే గడియ మీకు రాకుండుగాక. వస్తే, నీరు గొంతు చేరకముందే నిజం మీ నోట పలికించే దయ ఆ తల్లి మీకు ప్రసాదించుగాక. ఆమెన్.