ఎవరూ వాడని ఆప్షన్

కంప్యూటర్ తెర మీద బొమ్మ కనబడేలా చేసే గ్రాఫిక్స్ డ్రైవర్లు రాయడం అతని ఉద్యోగం. అత్తగారు మాత్రం చుట్టాలతో, "మా అల్లుడి కింద బోలెడుమంది డ్రైవర్లు" అని చెప్పుకునేది.

ఆ రోజు మీటింగులో తేల్చాల్సింది ఒకే ఒక్క ఆప్షన్ సంగతి. పాతకాలపు ప్రోగ్రాములు కొత్త కంప్యూటర్లలోనూ నడవడానికి డ్రైవర్లో ఉంచినది. ఉంచాలా, తీసెయ్యాలా?

"వెయ్యిమందిలో ఒక్కరు కూడా వాడట్లేదు. ఊరికే మోస్తున్నాం" అన్నాడు అతను, లెక్కలు చూపిస్తూ.

పరీక్షల విభాగంలో జుట్టు నెరిసిన ఆవిణ్ణి అందరూ పెద్దక్క అనేవారు. ఆవిడ కళ్లజోడు సవరించుకుని, "నెట్ లేని మిషన్లు కూడా ఇందులో ఉన్నాయా నాయనా?" అని అడిగింది.

లేవు. నెట్ ద్వారా వచ్చిన లెక్కలే అవి. అతనికి తెలుసు. మళ్లీ లెక్క తియ్యాలంటే నెల పడుతుంది.

"ఉన్నాయక్కా" అన్నాడు. గొంతు తడబడలేదు కూడా. ఆప్షన్ తీసేశారు.

నాలుగు నెలలకు, కృత్రిమ కాళ్లు చేసే చిన్న వర్క్‌షాపు నుంచి ఉత్తరం వచ్చింది. కంప్యూటర్ రిపేరు చేసినవాడు కొత్త డ్రైవర్ వేశాడట. కాలి కొలతలు గీసే పాత ప్రోగ్రాము తెరిస్తే అంతా నలుపేనట. అది మూడో ఉత్తరం. మొదటి రెండింటినీ చదవకుండా పక్కన పడేసింది అతనే.

ఊళ్లోనే కాబట్టి స్వయంగా వెళ్లాడు. గది నిండా ప్లాస్టర్ దుమ్ము. బల్ల మీద ఒక బస్సు కండక్టరు, నడివయసు ఆవిడ, మోకాలి కింద తీసేసిన కాలికి కట్టుతో కూర్చుని ఉంది.

"చేతికొలతతో కాలు చేస్తే ఒరుసుకుని పుండు పడిందండీ" అన్నాడు పనివాడు నొచ్చుకుంటూ. ఆమె వైపు తిరిగి, "చూశావా అక్కా, మనకోసం ఆఫీసు వదిలి వచ్చారు. ఈ రోజుల్లో ఎవరొస్తారు?" అన్నాడు.

అతనికి తల కొట్టేసినట్టయింది. పాత డ్రైవర్ ఎక్కించాడు. తెర మీద కాలి ఆకారం మెల్లగా తేలింది. వాళ్లిచ్చిన మంచినీళ్లు తాగి వచ్చేశాడు.

మర్నాటి మీటింగులో లేచి నిలబడ్డాడు. "ఆ రోజు నేను అబద్ధం చెప్పాను."

పెద్దక్క, "నాకు అప్పుడే అనుమానమొచ్చింది. మీటింగ్ తొందరగా అయిపోతే చాలనుకుని మళ్లీ అడగలేదు" అంది, బల్ల వైపు చూస్తూ.

ఆప్షన్ మళ్లీ పెట్టారు. లెక్కల పని అతని చేతిలోంచి తీసేశారు. ఆ సాయంత్రమే వర్క్‌షాపుకి ఫోన్ చేసి పనివాడితో జరిగిందంతా చెప్పాడు.

"కండక్టరక్క ఇక్కడే ఉంది. మీరే చెప్పండి" అన్నాడు పనివాడు.

మళ్లీ మొదటినుంచీ చెప్పాడు. ఆమె అడ్డు రాకుండా వింది.

"ఏడు వారాలు చెల్లెలి ఇంట్లో గోడకి ఆనుకుని కూర్చున్నాను బాబూ" అంది. ఫోన్ పనివాడికి ఇచ్చేసింది. నాలుగు తిట్టినా బాగుండుననిపించింది అతనికి.