మగ్గాలమ్మిన ఏడాది లాభం

వాసుదేవ్ సేట్‌కు రెండు నోళ్లు. పనివాళ్ల ముందు ఒకటి, పైసలున్నవాళ్ల ముందు ఇంకొకటి. తెలుగు సాలెవాళ్ల పేట నీలం నగర్‌లో ఆయన కార్ఖానాలో తువ్వాళ్ల దారాలు కత్తిరించి మడతలు పెట్టే సరోజకు ఈ సంగతి పదేళ్లుగా తెలుసు. మూడు దీపావళుల నుంచి ఆయన మొదటి నోటితో నష్టమే అంటున్నాడు, బోనసు ఎగ్గొడుతున్నాడు. ఈసారి కూతురు శ్రావణి నర్సింగు ఫీజుకు సరోజ ఆ బోనసునే నమ్ముకుంది.

ఇంతలో పూణేలో స్థిరపడిన తెలుగువాడే, అమోల్ అనే వ్యాపారి, కార్ఖానాలో వాటా కొంటానన్నాడు. ఆయన కంట పడాలని సేట్ ఆ ఏటి లెక్కల కాగితాన్ని ఆఫీసు గోడకు అంటించాడు. లాభం పదిహేను లక్షలు. సరోజ నేరుగా వెళ్లి సేట్ ముందు నిలబడింది.

"ఇంత లాభమొచ్చె. మా బోనసేది సేట్?"

ఆయన గొంతు తగ్గించాడు. "తువ్వాళ్లల్ల మూడు లక్షలు నుక్సానే సరోజా. మగ్గాలు మా బావమరిది నిలేష్‌కు అమ్మిన. ఏటేటా తరుగు రాసి రాసి పుస్తకంల వాటి ధర రెండు లక్షలకొచ్చింది. ఆయన బజారు ధర ఇరవై ఇచ్చిండు. నడుమ పద్దెనిమిది లాభమే గదా. నుక్సాను తీసేస్తే పదిహేను."

"మగ్గాలు ఈడ్నే ఆడుతున్నయి గదా."

"కిరాయికి తీస్కున్న. నెలకు నలభై వేలు."

"ఆ కిరాయి గీ కాయితంల లేదేంది?"

"అమ్మింది ఏడాది ఆఖర్ల. కిరాయి వచ్చే ఏడు లెక్కల పడ్తది."

"అంటే బర్రెనమ్మి, ఆ బర్రె పాలే కొంటున్నరు."

"అంతా కాయ్‌దా ప్రకారమే, చట్టం తప్పలే. నువ్వు నోరు మూస్కో."

నోరు మూసుకోమన్నందుకు సరోజకు ఒళ్లు మండింది.

దసరాకు ముందురోజు, ఖండే నవమి నాడు, మగ్గాలకు ఆయుధపూజ. మగ్గాలు అమ్మిన సంగతి తెలియని అమోల్‌ను ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. నిలేష్ కూడా కొత్త బట్టలేసుకుని దిగాడు. మగ్గం ఎవరిదో వాళ్లే కొబ్బరికాయ కొట్టాలి, వేరేవాళ్లు కొడితే మగ్గం అచ్చిరాదని అక్కడి సాలెవాళ్ల నమ్మకం. ఏటా కాయ అందించేది సరోజే. ఈసారి ఆమె కాయ పట్టుకుని సేట్‌కూ నిలేష్‌కూ నడుమ ఆగింది.

"కాయ ఎవరి చేతికియ్యాలె సేట్?" అంది ఏమీ ఎరగనట్టు.

సేట్ ఆమె పక్కకు వచ్చి గొణిగాడు. "ఏం గావాలె నీకు?"

"బోనసు. అందరి ముందట చెప్పున్రి."

సేట్‌కు వేరే దారి లేకపోయింది. లాభం బాగుంది కాబట్టి అందరికీ నెల జీతం బోనసు అని గట్టిగా ప్రకటించాడు. అమోల్ కూడా మెచ్చుకుని చప్పట్లు కొట్టాడు. సరోజ కాయను సేట్ చేతిలో పెట్టింది. ఆయన చెయ్యి ఎత్తాడో లేదో, నిలేష్ వచ్చి పట్టుకున్నాడు.

"ఆగు బావా. ఇరవై లక్షలు పోసినోణ్ని నేను. నువ్వు కాయ కొడితే నా మగ్గాలకు అచ్చిరాదు."

ఇంత సాయం అందుతుందని సరోజ కూడా అనుకోలేదు. నవ్వు ఆపుకోలేక తల దించుకుంది.

అమోల్ గోడ మీది కాగితం దగ్గరికి వెళ్లి చాలాసేపు చదివాడు. "మగ్గాల పైసలు తీసేస్తే ఏం మిగుల్తది?" అని అడిగాడు. సేట్ ప్రసాదం పళ్లెం ముందుకు జరిపాడు. "వచ్చే ఏడు కిరాయి కట్టినంక లెక్క చూపియ్యున్రి, అప్పుడు మాట్లాడుదం," అని ప్రసాదం తీసుకుని వెళ్లిపోయాడు.

సేట్ సరోజ వైపు తిరిగాడు. "ఇగ బోనసు ఏడికెళ్లి తేవాలె?"

"నిలేష్ సేట్ ఇచ్చిన ఇరవై లక్షలున్నయి గదా," అంది సరోజ. "దేవుని ముందట మాటిచ్చిన్రు."

ఆమె వెనక పన్నెండుమంది పనివాళ్లు చేతులు కట్టుకుని నిలబడ్డారు. సేట్ బోనసు లెక్కపెట్టి ఇచ్చేదాకా ఒక్కరూ మగ్గం బటన్ నొక్కలేదు. ఆ ఏడు ఆ కార్ఖానాలో నిజంగా లాభపడింది ఎవరంటే, వాళ్లే.