ముప్పై నాలుగు లూజు

దర్జీ అన్నయ్య మాటంటే మాటే. షాపు మూసేలోగా చెల్లెలి కంప్యూటర్ ఒక్క చొక్కాకైనా సరిగ్గా కొలత కట్టి చూపిస్తే కటింగ్ బల్ల దగ్గర ఆమెకి చోటు. లేదంటే రేపట్నుంచి బట్టల దుకాణంలో బిల్లులు కొట్టే ఉద్యోగం. కుట్టు మీద ప్రాణం పెట్టుకున్న పిల్లకి అదేం శిక్షో!

పాపం, ఆ పిల్ల పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్చుకోవడం మొన్ననే మొదలెట్టింది. ఛాతీ కొలత అడగాలి, ఇచ్చింది అంకేనా కాదా చూడాలి, అంకైతే దానికి వదులు కలిపి చెప్పాలి. ప్రోగ్రాం అంతే. 34 కొట్టింది. ఇది అంకె కాదంది కంప్యూటర్. మళ్ళీ కొట్టింది, మళ్ళీ అదే పాట. ముప్పై నాలుగు అంకె కాకపోతే మరేమిటి, వంకాయా? పోనీ ఇది ఏ రకమో నువ్వే చెప్పమంటే స్ట్రింగ్ అంది, అంటే ఉత్త అక్షరాలట. ఆమెకి బుర్ర గిర్రున తిరిగింది.

పాఠం చెప్పే అక్కకి ఫోన్ చేసింది. మనం ఏం కొట్టినా అక్షరాలుగానే లోపలికి వస్తుందని, దాన్ని అంకెగా మార్చి చూడాలని, మారకపోతేనే అంకె కాదన్నట్టని ఆవిడ చెప్పింది. సగం అర్థమైంది, సగం కాలేదు. అలాగే మార్చింది. 34కి 38 వచ్చింది. హమ్మయ్య అనుకుంది.

అన్నయ్య మెడలో టేపుతో వచ్చి కూర్చుని, ఒక్కో మీటా వెతుక్కుంటూ కొట్టాడు. ఇది అంకె కాదు. మళ్ళీ కొట్టాడు. అదే మాట. ఆయన మొహం గంటు పెట్టుకున్నాడు. ఇందాక పనిచేసిందానికి ఇప్పుడేం రోగమొచ్చిందో చెల్లెలికి అర్థం కాలేదు. వంగి చూస్తే తెర మీద ‘34 లూజు’ అని ఉంది.

"లూజు ఎందుకు రాశావన్నయ్యా? అంకె ఒక్కటే రాయాలి."

"ఉత్త అంకె కొలతెలా అవుతుందే?" నిజంగానే అయోమయంగా అడిగాడాయన. "ఛాతీ ఒకటే అయినా ఒకడికి లూజు కావాలి, ఇంకొకడికి టైటు. అది అడక్కుండా బట్ట మీద కత్తెర పెడతామా?"

నిజమే కదా. వచ్చింది అంకేనా అన్న గొడవలో పడి, అందరికీ నాలుగంగుళాలు కలిపెయ్యమని తనే రాసిపారేసింది. సిగ్గేసింది. అన్నయ్య అప్పటికే షట్టరు వైపు చూస్తున్నాడు. గబగబా ఇంకో ప్రశ్న చేర్చి, లూజైతే ఆరంగుళాలు, టైటైతే రెండు కలపమని రాసింది.

ఆయన 34 కొట్టాడు. లూజా, టైటా అని తెర అడిగింది. ఆ ప్రశ్న ఆయన రెండుసార్లు చదువుకుని, లూజు అని కొట్టాడు. 40 వచ్చింది. నోట్లోనే లెక్క కట్టుకుని తలూపాడు.

"ఇది మన షాపుదే," అన్నాడు.

మెడలోని టేపు తీసి చెల్లెలి మెడలో వేసి, షట్టరు దించడానికి వెళ్ళాడు. అక్షరాలు అంకెలెలా అయ్యాయో ఆమెకింకా బోధపడనేలేదు. టేపు మాత్రం రెండు చేతులా పట్టుకుంది.