బల్ల ఆదివారం

పిల్ల ఊపిరి తీస్తోందా లేదా అని ఇంకొక్కసారి చూస్తే ఏం పోయింది, చూడడం తప్పేం కాదు గదా, అనుకుంటూ దెబోరా తన ఒళ్లో తల పెట్టుకొని పడుకున్న జెస్సికా ముక్కు దగ్గర వేలు పెట్టింది, వెచ్చగా తగిలింది, అమ్మయ్య, బస్సు నంద్యాల దాటినప్పటి నుంచి ఎన్నిసార్లు పెట్టిందో ఆ వేలు, అయినా కిటికీ గాలి మోసం చేసి ఉంటే, తగిలింది ఊపిరి కాక వడగాలి అయి ఉంటే, మళ్లీ పెట్టింది, ఈసారి పిల్ల కళ్లు తెరిచేసింది, ఆరేళ్ల పిల్ల, నిద్ర చెడగొట్టావని ఏడవాల్సింది పోయి, నేను నిద్రపోలేదు మా, ఊరికే కళ్లు మూసుకున్యా, అని సంజాయిషీ చెప్పుకుంది, నిన్న పొద్దున పాలు తాగుతూ తాగుతూ ఇదే పిల్ల అడిగింది కదా, మా, నేను నిద్రపోతే ఎవురన్నా సచ్చిపోతారా, అని, ఎవరు నేర్పారు దానికి ఆ మాట, ఎవరూ నేర్పలేదు, తల్లిని చూసి నేర్చుకుంది, బడిలో కూడా అంతే, ఒకటో తరగతి పిల్లలు మధ్యాహ్నం పూట బెంచీ మీద తల వాల్చితే చాలు, దెబోరా టీచరు పరుగెత్తుకెళ్లి తట్టి లేపుతుందని తల్లిదండ్రులు ఫిర్యాదు చేశారు, పరాయి పిల్లలు సాయంత్రం ఇళ్లకు పోయి బతికిపోతారు, ఇది ఎక్కడికి పోతుంది, తన జబ్బు తన బిడ్డకే అంటించింది, నాయనను పోగొట్టింది చాలక ఇదొకటి.

నాయనను పోగొట్టింది, అవును, ఎవరేమన్నా ఆ మాట ఆ మాటే, ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలను నున్నగా రుద్దీ రుద్దీ ఆయన ఊపిరితిత్తుల నిండా దుమ్ము పేరుకుపోయిందమ్మా, నువ్వు మేలుకున్నా నిద్రపోయినా ఆ పూట దాటేది కాదు, అని డాక్టరే చెప్పాడు, నీ తప్పేం లేదే అని భర్త జాన్ చెప్పీ చెప్పీ అలిసిపోయాడు, వాళ్లకేం తెలుసు, నాయన బతికించమని అడిగాడా ఏమన్నా, అన్ని రోజులు కళ్లలో వత్తులు వేసుకొని కాచుకుంది కదా, ఆఖరికి ఆ మధ్యాహ్నం, నంద్యాల ఆసుపత్రిలో, పక్క మంచాలు కూడా ఖాళీ అయి ఈగలు ముసిరే ఆ గదిలో, నాయన ముక్కు మీది గొట్టం పక్కకు జరిపి, నిద్రపోవద్దు పాపా, కొంచేపు నాతో మేలుకోనుండు, భయమైతాంది, అన్నాడు, పుట్టి బుద్ధెరిగి ఆయన నోట భయమన్న మాట విన్నదే లేదు, ఈడనే ఉండా గదా నాయనా, అని చేయి పట్టుకుంది, ప్రార్థన చేద్దామని మంచం అంచు మీద తల వాల్చి కళ్లు మూసింది, అంతే, తెరిచేసరికి నర్సు భుజం పట్టి కుదుపుతోంది, ఫ్యాను తిరుగుతూనే ఉంది, చేతిలోని చెయ్యి చల్లబడిపోయింది, తన తల మీద, వీపు మీద నాయన ఎర్ర తువ్వాలు, రాతి దుమ్ము వాసన, దాన్ని విదిలించి కింద పారేసి గొల్లుమంది, కన్నతండ్రి అడిగిన ఆఖరి మాట, అదొక్కటీ చేయలేకపోయిన కూతురు, థూ, ఏం కూతురు.

బస్సు శిరివెళ్ల దాటింది, పిల్లను మళ్లీ పడుకోమందామంటే నోరు రాలేదు, అసలు దాన్ని పడుకోబెట్టే అర్హత తనకుందా, ఆళ్లగడ్డ బస్టాండులో దిగేసరికి అమ్మ బాలమ్మ తెల్లచీర కట్టుకొని నిలబడి ఉంది, ఏమ్మే, మొగం అట్ల పీక్కపోయిందేందీ, తింటాండావా లేదా, అంటూ మనవరాలిని ఎత్తుకుంది, దారి పొడవునా ఒకటే పోరు, మీ నాయన పోయి నేటికి ఏడాది, ప్రభువు రొట్టె పంచే బల్ల ఆదివారం గూడా కలిసొచ్చింది, నా పక్కన కూసోని ఈ నెలన్నా రొట్టె తీసుకోమ్మే, ఏడాదిగా బల్ల ముట్టవంట, అంత పాపం ఏం చేసిందని మన సంఘంలో ఏసమ్మ నన్నడుగుతాంది, ఏమని చెప్పల్ల, అంది, ఎన్నాళ్లని తేలు కుట్టిన దొంగలా ఉండేది, చర్చి గేటు దగ్గర తన్నుకొచ్చేసింది, నాయన మేలుకోమన్యాడు మా, నేను నిద్రపోయినా, నేను నిద్రలో ఉంటే ఆయన ఒక్కడే పోయినాడు మా, అని, బాలమ్మ కొంగుతో ముక్కు చీదుకొని, నిద్రొస్తే నిద్రపోరా ఎవురైనా, ఉపవాస ప్రార్థనలో మీ నాయన గురకకు పాస్టరు అయ్యగారు ప్రసంగమే నిలబెట్టలేదా, పోయినాయనకు లేని బాధ నీకేందే, కందకు లేని దురద కత్తిపీటకా, అని కసిరింది, కసిరింది గానీ కూతురి చెయ్యి పట్టుకొనే లోపలికి నడిచింది, పాపం.

లోపల చాప మీద, ఆడవాళ్ల వరసలో, కొంగు తల మీదికి లాక్కొని కూర్చుంది, పోరాదూ, ఇప్పుడే లేచి బయటికి పోరాదూ, అయోగ్యంగా తింటే శిక్షను తిన్నట్టే అని అయ్యగారు ప్రతి బల్లకూ హెచ్చరిస్తాడు, ఇక ఆ తోట సంగతి, నాయన పోయిన కొత్తలో, ఈస్టరు ముందటి శ్రమల దినాల్లో విన్న ప్రసంగం, ప్రభువు ప్రాణం విలవిలలాడి తోటలో ముగ్గురు శిష్యులను మేలుకొని ఉండమంటే ముగ్గురికి ముగ్గురూ నిద్రపోయారు, ఒక్క గంటైనా నాతో మేలుకోలేరా అన్నాడట, ఆ అడగడం తననే అడిగినట్టు దెబోరా చెవులు మూసుకుంది ఆనాడు, అప్పటి నుంచే బల్ల మానేసింది, పక్కన జెస్సికా రెప్పలు వాలిపోతున్నాయి, వాలకుండా వేళ్లతో పైకి ఎత్తి పట్టుకుంటోంది పిచ్చితల్లి, అయ్యో దేవా, నన్ను కొట్టు, దీన్నెందుకు, అయ్యగారు పళ్లెం మీది తెల్లగుడ్డ తీశాడు, ఆయన అప్పగింపబడిన రాత్రి, రొట్టె పట్టుకొని, అంటున్నాడు, నెలనెలా వినేదే, చిన్నప్పటి నుంచి వినేదే, ఆ రాత్రి, ఏ రాత్రి, దెబోరా తల ఎత్తింది.

ఆ రాత్రే కదా, తోట రాత్రే కదా, ముందు బల్ల, తర్వాత పాట పాడుకొని కొండకు పోవడం, ఆ తర్వాతే తోట, ఒక ప్రసంగంలో బల్ల, ఇంకో ప్రసంగంలో తోట వినీ వినీ తను రెండింటినీ వేర్వేరు రోజుల్లో పెట్టుకుంది, ఒకటే రాత్రి, తిన్న రొట్టె అరగకముందే నిద్రపోయారు వాళ్లు, పోతారని ఆయనకు తెలుసు, తెలిసే విరిచాడు, తెలిసే వాళ్ల చేతుల్లో పెట్టాడు, మేలుకోగలిగినవాళ్లకే పెట్టాలనుకుంటే ఆ రొట్టె ఎవరూ ముట్టక అట్లాగే ఉండిపోయేది, మేలుకొని ఉన్నది ఆయనొక్కడే, భయంతో చెమటలు కక్కుతూ, వాళ్లను చూస్తూ, పడుకోండి ఇక, అని కూడా అన్నాడు గదా, తువ్వాలు, నాయన తువ్వాలు, మడతపెట్టి దిండు కింద తనే పెట్టింది ఆ పొద్దున, గదిలో ఇంకెవరున్నారు, నర్సు అప్పుడే వచ్చింది, మరి దాన్ని దిండు కింద నుంచి లాగిందెవరు, మడత విప్పిందెవరు, ఒక చేతికి సూది, ఒక చెయ్యి తన చేతిలో, ఆ చెయ్యి విడిపించుకొని, ఎగశ్వాసతో, తల దగ్గర ఒకసారి, వీపు మీద ఒకసారి సర్ది, మళ్లీ ఆ చెయ్యి తెచ్చి తన చేతిలోనే పెట్టినదెవరు, లేపాలంటే ఒక్క తట్టు తడితే చాలు, తట్టలేదు, ఈగలు వాలతాయని కప్పాడు.

ఏడుపు వచ్చింది, ఆపలేదు, నాయన భయపడింది నిజమే, తను నిద్రపోయింది నిజమే, ఆ రెండూ ఇక మారేవి కావు, పళ్లెం ఏసమ్మ చేతుల మీదుగా బాలమ్మకు, బాలమ్మ దగ్గర నుంచి తనకు వచ్చింది, అమ్మ తన వైపు చూడకుండా ఎదురుగా గోడనే చూస్తోంది, దెబోరా ఒక ముక్క తీసుకొని నోట్లో పెట్టుకుంది, చప్పగా ఉంది, ఏడాది తర్వాత మొదటిసారి గొంతు దిగింది, జెస్సికా తల నిమిరి, పండుకో పాపా, ఏం గాదు, అంది, మా, మరి నువ్వు మేలుకోనుంటావా, అని పిల్ల అనుమానంగా అడిగింది, నాకూ నిద్రొస్తాంది, నేనూ పండుకుంటా, మనల్ని చూసుకునేటాయన ఉండాడు, అని కొంగు విప్పి పిల్ల మీద కప్పింది, ముక్కు దగ్గరికి పోబోయిన వేలిని వెనక్కి తీసుకుంది, నాయన తనను చూశాడు, నిద్రపోతున్నదని చూశాడు, చూసే కప్పాడు.